‘నువ్వు వద్దంటే వెళ్ళను’ అన్నాడు మా అబ్బాయి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి ఈ ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె బ్యాంకు ఉద్యోగి. ఐదేళ్ళ క్రితం పరస్పర అంగీకారంతో భర్త నుంచి విడాకులు తీసుకున్నారు. ఆయన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నారు. వారి ఒక్కగానొక్క కొడుకు ఎనిమిదో తరగతి దాకా విశాఖలోనే తల్లి దగ్గర, అమ్మమ్మ తాతయ్యల మధ్య పెరిగాడు. పద్నాలుగేళ్ళు నిండిన ఈ వేసవిలో, ముందే అనుకున్న ప్రకారం, హెచ్‌-4 అనే ఆశ్రితుల వీసా మీద తండ్రి దగ్గరికి వెళ్ళి అక్కడి బడిలో చేరాడు. తండ్రికి రెండేళ్ళ క్రితం ఒక సహోద్యోగి వల్ల జింకల వేట అలవాటైంది. ఆయన సొంతంగా రైఫిల్ కూడా కొనుక్కున్నారు. ఈ నవంబరు చివర్లో ఆ సహోద్యోగి కుటుంబానికి చెందిన భూమిలో జరిగే వేటకు కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళాలని ఆయన కోరిక.

ఈ విషయం అబ్బాయే ఆదివారం వీడియో కాల్‌లో తల్లికి చెప్పాడు. “నాన్న చాలా హుషారుగా ఉన్నాడమ్మా. నాకోసం నారింజ రంగు కోటు కూడా కొన్నాడు. నువ్వు వద్దంటే వెళ్ళను” అన్నాడట. ఆమె ఆలోచించి చెబుతానన్నారు. ఆ రాత్రి నుంచి సరిగా నిద్రపోలేదు.

ఇంట్లో పరిస్థితి మరింత చిక్కుగా ఉంది. ఆమె తండ్రి అటవీశాఖలో డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా పదవీవిరమణ చేశారు. నర్సీపట్నం, చింతపల్లి అడవుల్లో ఉచ్చులు తీయిస్తూ, వేటగాళ్ళ మీద కేసులు రాస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. విషయం తెలియగానే, “నా మనవడు జింకను చంపితే మళ్ళీ నా గడప తొక్కక్కర్లేదు” అన్నారు. తల్లిగారేమో దశరథుడి కథ ఎత్తి, వేటలో చేసిన పాపమే ఆయనకు పుత్రశోకమై చుట్టుకుందని కంటతడి పెడుతున్నారు. మరోపక్క అబ్బాయి, “ఆదివారం మనం మటన్ తింటాం కదమ్మా, జింకైతే తప్పేమిటి?” అని అడిగితే ఈమెకు సమాధానం తోచలేదు. తుపాకీ అన్న మాటకే గుండె దడదడలాడుతోందని రాశారు. ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది: “వాళ్ళిద్దరూ తెల్లవారకముందే లేచి కలిసి అడవిలోకి నడిచి వెళ్తారని ఊహించుకుంటే నాకు భయం ఒక్కటే కాదు, ఇంకేదో కలుగుతోంది. అదేమిటో చెప్పలేకపోతున్నాను.” వద్దని చెప్పవచ్చా, అలా చెప్పే హక్కు తనకు ఉందా, సరేనంటే కన్నతండ్రికి ముఖం ఎలా చూపించాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు నవంబరు గురించి అడిగారు. అంతకంటే ముందు ఈ రోజు గురించి మాట్లాడవలసి ఉంది, ఎందుకంటే ఆ రైఫిల్ ఇప్పటికే మీ అబ్బాయి నిద్రపోతున్న ఇంట్లో ఉంది. వేటలో తండ్రి పక్కన కూర్చునే కొద్ది గంటల కంటే, తండ్రి ఆఫీసు నుంచి తిరిగి వచ్చేలోగా ఆ ఇంట్లో ఒక్కడే గడిపే సాయంత్రాలే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. దేశం మారి, బడి మారి, చిన్నప్పటి స్నేహితులు దూరమై, తల్లి ముఖం ఫోనులో మాత్రమే కనిపించే ఆ వయసు పిల్లవాడికి దిగులు కమ్మే రోజులు తప్పకుండా వస్తాయి. అటువంటి రోజున తుపాకీ చేతికి అందేలా ఉండకూడదు. తూటాలు తీసేసిన తుపాకీని తాళం వేసిన పెట్టెలో ఉంచాలని, తూటాలను మరోచోట విడిగా తాళం వేసి దాచాలని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం తల్లిదండ్రులకు చెబుతూ వస్తోంది. తాళంచెవి ఎక్కడుందో పిల్లవాడికి తెలియకూడదు. వేటకు మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మీ మాజీ భర్తను మొదట అడగవలసింది ఇదే. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి చోటు ఇవ్వకండి. పెట్టె ఫొటో పంపమని అడిగినా తప్పులేదు.

ఆ తర్వాత వీసా సంగతి. అక్కడి మన కుటుంబాల్లో చాలామందికి ఇది తెలియదు. హెచ్‌-1బీ, హెచ్‌-4 వంటి తాత్కాలిక వీసాలతో ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అక్కడ చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉండడం వాటిలో ఒకటి. విస్కాన్సిన్‌లో ఆ లైసెన్సుల గడువు ఏటా మార్చి 31తో ముగుస్తుంది. గడువు తీరాక కొత్తది తీసుకోకుండా తుపాకీని ఇంట్లో ఉంచుకున్నా, లైసెన్సు రాకముందే సాధన కోసమని అబ్బాయి చేతికి రైఫిల్ ఇచ్చినా, జైలు శిక్ష పడదగ్గ నేరం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇద్దరి వీసాలూ చిక్కుల్లో పడతాయి. మీ మాజీ భర్త ఇవన్నీ సరిచూసుకునే ఉండవచ్చు. అయినా అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి సంప్రదించమని ఆయనను అడగడం తల్లిగా మీ బాధ్యతే. దెప్పిపొడుపు అనుకోకుండా ఆయన వినేలా చెప్పండి.

ఇక వేట విషయం. విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకల వేట థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. 1973 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. సర్టిఫికెట్ లేని పిల్లవాడిని కూడా తీసుకువెళ్ళవచ్చు గాని, అతను అనుభవం ఉన్న పెద్దవారికి చేయిచాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, ఆ పెద్దవారికి శిక్షణ అర్హత ఉండాలి. మీ మాజీ భర్త ఈ మధ్యనే వేట మొదలుపెట్టారు కాబట్టి ఆయనకే సర్టిఫికెట్ ఉందా, లేక ఇప్పటివరకు సహోద్యోగి వెంట శిష్యుడిగా తిరుగుతున్నారా అన్నది తెలుసుకోండి. ఇంకో మాట: సర్టిఫికెట్ సంపాదించిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు పెద్దల తోడు లేకుండా వేటాడడానికి కూడా ఆ రాష్ట్రం అనుమతిస్తుంది. ప్రభుత్వం అనుమతించేదంతా మీరూ అనుమతించనక్కర్లేదు.

అక్కడి వేటగాళ్ళను గాయపరిచేవాటిలో మనం ఊహించని కారణం ఒకటి ఉంది. చెట్లకు బిగించిన ఎత్తు మంచెల మీద నుంచి పడిపోయి దెబ్బలు తినేవారు చాలామంది. పొలాల దగ్గర మంచె మీద కూర్చోవడం మనకు కొత్త కాదు కాబట్టి దాన్ని ప్రమాదంగా అనుకోము. మంచె ఎక్కితే భుజాలకు, నడుముకు పట్టీ కట్టుకోవాలి, లేదా నేలమీదే కూర్చోవాలి. మీ అబ్బాయి చెప్పిన నారింజ రంగు కోటు ఆడంబరం కోసం కొన్నది కాదు. నడుము పైన ధరించేవాటిలో కనీసం సగం మెరిసే నారింజ రంగులో గాని గులాబీ రంగులో గాని ఉండాలని చట్టం నిర్బంధిస్తుంది. ఒక వేటగాడు మరొక వేటగాడిని జింక అనుకుని పొరబడకుండా చేసిన ఏర్పాటు అది. తండ్రి ముందుగా ఆ కోటు కొన్నారంటే ఆయన నియమాలు తెలుసుకుంటున్నారనే అర్థం. ఆయన మీద కోపం ఉన్నా ఈ సంగతిని లెక్కలోకి తీసుకోండి.

మీ అమ్మగారు చెప్పిన దశరథుడి కథను ఇక్కడే చూద్దాం. శిక్షణ తరగతుల్లో పిల్లలకు మొదట నేర్పే నియమాలు నాలుగు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి, గొట్టాన్ని ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచాలి, లక్ష్యమేమిటో, దాని వెనుక ఏముందో కళ్ళారా చూసి నిర్ధారించుకోవాలి, కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. దశరథుడు మూడో నియమాన్ని తప్పాడు. చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, చూడలేదు. శబ్దాన్ని బట్టి గురి తప్పకుండా కొట్టగలనన్న అతిశయమే అంధులైన ఆ తల్లిదండ్రులకు కొడుకును దూరం చేసింది. కాబట్టి మీ అమ్మగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. ఈ కథను అమ్మమ్మే మనవడికి ఫోనులో చెప్పమనండి. పాపం, శాపం అని కాకుండా, కనిపించనిదాని మీద బాణం ఎందుకు వేయకూడదో చెప్పమనండి. తరగతిలో విన్న నియమం కంటే అమ్మమ్మ గొంతులో విన్న కథ ఆ పిల్లవాడికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మీ నాన్నగారి విషయం ఇంత తేలిక కాదు. ఆయన కోపం వెనుక ఒక జీవితకాలపు శ్రమ ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడే వీలు మిగిలింది. 1991 సవరణతో ఆ దారి కూడా మూసుకుపోయింది. ఆ తర్వాత మన దేశంలో దుప్పిని గాని కణుజును గాని వినోదం కోసమైనా, కూర కోసమైనా చంపడం నేరం, చంపడానికి ప్రయత్నించడమూ నేరమే. మీ నాన్నగారు చూసిన వేట ఎటువంటిదో ఊహించండి. మోటారు సైకిలు క్లచ్ వైరుతో పన్నిన ఉచ్చుకు తల్లీ పిల్లా తేడా తెలియదు, దుప్పికీ చిరుతకూ తేడా తెలియదు. అందులో పడిన జంతువు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పెనుగులాడి చస్తుంది. ఎన్ని చచ్చాయో లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అడవులు ముక్కలు ముక్కలై, పులికీ చిరుతకూ ఆహారం కావలసిన దుప్పులే తరిగిపోతున్న చోట ఒక్క జింక పోవడం కూడా పెద్ద నష్టమే. అటువంటి చోట వేటను ఆపడమే ధర్మమని నమ్మి బతికిన మనిషి, తన మనవడే తుపాకీ పట్టుకున్నాడని వింటే ఏమైపోతాడు?

అయితే విస్కాన్సిన్ అడవిలో సమస్య అందుకు పూర్తిగా భిన్నం. అక్కడ తెల్లతోక జింకలు పది లక్షలకు మించి ఉంటాయని అంచనా. వాటిని తినే తోడేళ్ళు ప్రధానంగా రాష్ట్రంలోని ఉత్తర, మధ్య అడవుల్లోనే ఉన్నాయి. జింకలు మితిమీరిన చోట లేత మొక్కలు ఎదగవు, పంటలు పోతాయి, రాత్రిపూట రోడ్ల మీద కార్లకు అడ్డుపడి మనుషులూ చనిపోతారు. అందుకే ఏ ప్రాంతంలో ఎన్నింటిని వేటాడనివ్వాలో అక్కడి సహజ వనరుల శాఖ ఏటా నిర్ణయిస్తుంది. చంపిన ప్రతి జింకను మరునాటి సాయంత్రం 5 గంటలలోగా నమోదు చేయించాలి. 1937లో తెచ్చిన ఒక సమాఖ్య చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. మీ నాన్నగారు అటవీశాఖ మనిషి కాబట్టి ఆల్డో లియోపోల్డ్ పేరు వినే ఉంటారు. 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి నిర్వహణకు ఆచార్యుడిగా చేరి, అడవుల గురించి ఆలోచించే తీరునే మార్చిన ఆ పెద్దమనిషి స్వయంగా వేటగాడే.

ఇదంతా చెప్పి మీ నాన్నగారిని వాదనలో ఓడించమని నా ఉద్దేశం కాదు. జింకకు నొప్పి ఏ దేశంలోనైనా నొప్పే. పద్ధతి ప్రకారం జరిగే వేటను కూడా మనసు ఒప్పుకోనివారు అమెరికాలో చాలామంది ఉన్నారు, వారి మాటలో న్యాయం ఉంది. నేను అడిగేది ఒక్కటే. మీ నాన్నగారు తన ఉద్యోగంలో పట్టుకున్న నేరస్థుల వరుసలో మీ మాజీ భర్తను నిలబెట్టకూడదు. మీ మాజీ భర్త కూడా, మామగారు పాతకాలం మనిషని తీసిపారేయకూడదు. ఇద్దరూ అడవి గురించి మాట్లాడుతున్నారు, కాకపోతే వేర్వేరు అడవుల గురించి.

మటన్ గురించి మీ అబ్బాయి అడిగిన ప్రశ్న నిజాయితీ గలది. దానికి అబద్ధపు సమాధానం చెప్పకండి. పెదవాల్తేరులో మాంసం కొట్టు దగ్గర కిలో తూయించుకుని తెచ్చుకునే మనకు, చంపే పని ఇంకొకరు చేస్తున్నారన్న ఒక్క వెసులుబాటే ఉంది. మేక కంటే జింక గొప్ప ప్రాణమని చెప్పి తప్పించుకోవడం కుదరదు. కానీ దీనికి ఎదురుప్రశ్న ఒకటి మీరు అడగవచ్చు: ఆ జింకను మీరు తింటారా? మాంసం కోసం వేటాడడానికీ, గోడకు కొమ్ములు తగిలించుకోవడానికి వేటాడడానికీ తేడా ఉందని నా అభిప్రాయం. తండ్రి ఉద్దేశం ఏమిటో అబ్బాయి ముందే తెలుసుకోవాలి. తినేటట్టయితే రెండు జాగ్రత్తలు ఉన్నాయి. విస్కాన్సిన్ జింకల్లో 2002 నుంచి మెదడును దెబ్బతీసే ఒక ప్రాణాంతక వ్యాధి కనిపిస్తోంది. అది మనిషికి సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు గాని, వ్యాధి ఉన్న ప్రాంతాల్లో జింకను పరీక్ష చేయించాకే తినాలని, వ్యాధి ఉన్నట్టు తేలితే తినవద్దని ఆరోగ్య సంస్థలు చెబుతున్నాయి. ఆ పరీక్షను రాష్ట్రమే చేయిస్తుంది. ఇంకొకటి, సీసపు తూటా శరీరంలో పగిలి కంటికి కనిపించని తునకలుగా మాంసంలో మిగిలిపోతుంది. ఎదిగే పిల్లలకు సీసం మంచిది కాదు, రాగి తూటాలు వాడితే ఆ బెడద ఉండదు.

వీటికంటే ముఖ్యంగా అబ్బాయికి ముందే తెలియవలసింది మరొకటి ఉంది, బహుశా తండ్రి ఇంకా చెప్పి ఉండరు. తూటా ఎప్పుడూ గుండెకే తగలదు. గాయపడిన జింక పరుగెత్తుతుంది, నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ దాని వెనుక నడవాలి, అది దొరికేసరికి ఇంకా బతికే ఉండవచ్చు. దొరికాక అక్కడికక్కడే పొట్ట కోసి పేగులు తీయాలి. ఇవన్నీ ఉంటాయని తెలిసి వెళ్ళే పిల్లవాడు ఒకరకంగా వెళ్తాడు, సినిమాలా ఊహించుకుని వెళ్ళేవాడు ఇంకోరకంగా తిరిగివస్తాడు. తండ్రి కొడుక్కి ఇదంతా దాచకుండా చెప్పాకే ‘వస్తావా’ అని అడగాలని మీరు కోరవచ్చు. సరైన తండ్రి ఎవరూ దీనికి అభ్యంతరం చెప్పరు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. “నువ్వు వద్దంటే వెళ్ళను” అన్న మాటను మీరు విధేయతగా తీసుకున్నట్టు మీ ఉత్తరంలో కనిపిస్తోంది. నాకు మాత్రం దాని ముందున్న వాక్యం మీద అనుమానం. “నాన్న చాలా హుషారుగా ఉన్నాడు” అన్నాడు. తాను హుషారుగా ఉన్నానని అనలేదు. కొన్నేళ్ళ ఎడబాటు తర్వాత దగ్గరైన తండ్రిని నొప్పించలేక, కాదనే పనిని మీ మీద పెడుతున్నాడేమో. లేదా నిజంగానే వెళ్ళాలని ఉండి, మీరూ తాతయ్యా బాధపడకుండా అనుమతి సంపాదించుకోవాలనుకుంటున్నాడేమో. ఈ రెండింటిలో ఏది నిజమో తెలియకుండా మీరు సరేనన్నా తప్పే, వద్దన్నా తప్పే. మొదటిదే నిజమైతే మీ ‘సరే’ అతణ్ణి ఇష్టంలేని అడవిలోకి తోస్తుంది. రెండోదే నిజమైతే మీ ‘వద్దు’ అతనికి తండ్రితో దొరికిన తొలి దారిని మూసేస్తుంది.

తెలుసుకోవడానికి ‘నీకు వెళ్ళాలని ఉందా’ అని సూటిగా అడగకండి. మీకు నచ్చే జవాబే చెబుతాడు. తండ్రి పక్కన లేని సమయం చూసుకుని, “మంచె మీద కూర్చున్నాక, జింక ఎదురుగా వచ్చాక, నీకు కాల్చబుద్ధి కాలేదనుకో, అప్పుడు ఏం చేస్తావు?” అని అడగండి. ఆ తర్వాత, “నాన్న ఏమంటాడు?” అని అడగండి. “ఏమీ అనడు, చూసి వచ్చేస్తాం” అని తడుముకోకుండా చెబితే మీరు చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. నసిగితే, నవ్వి మాట మారిస్తే, “నాన్న ఇంత ఖర్చుపెట్టాడు కదా” అంటే, అప్పుడు మీరు మాట్లాడవలసింది కొడుకుతో కాదు, తండ్రితో. చివరి క్షణంలో కూడా ‘నేను కాల్చను’ అనగల స్వేచ్ఛ ఉంటే ఆ వేట వల్ల మీ అబ్బాయికి హాని జరగదని నా నమ్మకం. ఆ స్వేచ్ఛ లేకపోతే ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా జరుగుతుంది.

ఇక మీ ముందున్న దారులు. గట్టిగా వద్దని చెప్పవచ్చు. తల్లిగా చెప్పే హక్కు మీకు ఉంది. విడాకుల పత్రంలో పెంపకం గురించి ఏ షరతులున్నాయో చూసుకోండి. కానీ ఈ విషయాన్ని నోటీసుల దాకా తీసుకువెళ్ళకండి, అప్పుడు అబ్బాయి ఎవరి పక్షమో తేల్చుకోవలసిన స్థితిలో పడతాడు. వద్దంటే దాని ఫలితం కూడా ఊహించుకోవాలి. తండ్రి మీ మాటను గౌరవిస్తే ఆ తొమ్మిది రోజులూ అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు, తండ్రి ఒక్కడే వెళ్ళివస్తాడు, ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని ఏమీ అనకపోయినా ఒక కొరత మిగులుతుంది. గౌరవించకపోతే మీకు చెప్పకుండా తీసుకువెళ్తాడు, మీ అబ్బాయికి మీ దగ్గర దాచడం అలవాటవుతుంది. ఆ అలవాటు జింకలతో ఆగదు.

సరేనని, శిక్షణ పూర్తిచేసి లైసెన్సు తీసుకుని, తండ్రి పక్కనే కూర్చుని తుపాకీ పట్టనివ్వవచ్చు. అలా చేస్తే అతనికి ఒక బాధ్యత, ఒక నైపుణ్యం, తండ్రితో పంచుకున్న అనుభవం దక్కుతాయి. దానితోపాటు, ఒక ప్రాణం తీసిన జ్ఞాపకం కూడా అతనిదవుతుంది. కొందరు పిల్లలు దాన్ని గంభీరంగా మోస్తారు, కొందరికి ఏళ్ళ తర్వాత బరువవుతుంది. మీ అబ్బాయి ఎటువంటివాడో నాకంటే మీకే బాగా తెలుసు.

నాకు ఎక్కువ నచ్చిన దారి ఈ రెండింటి మధ్యలో ఉంది. ఈ ఏడాది శిక్షణ తరగతి పూర్తిచేయనివ్వండి. వేటకు వెళ్ళనివ్వండి, కానీ తుపాకీ లేకుండా, జింకలను తరమడం వంటి పనుల్లో చేరకుండా, నారింజ కోటు వేసుకుని తండ్రి పక్కన కూర్చుని చూడడానికి మాత్రమే. తెల్లవారుజామున ఆ చలిలో నిశ్శబ్దంగా గంటల తరబడి కూర్చోవడం, జింక వస్తే చూడడం, రాకపోతే ఉత్త చేతులతో తిరిగి రావడం, తండ్రి కాల్చితే ఆ తర్వాత జరిగేదంతా దగ్గరుండి గమనించడం. వచ్చే ఏడాది తుపాకీ పట్టాలో లేదో అప్పటికి తెలిసినవాడై అతనే చెబుతాడు. దీనిలోనూ ఇబ్బంది లేకపోలేదు: మీ నాన్నగారికి ఇది కూడా పూర్తిగా నచ్చదు, మీ మాజీ భర్తకు సగం మాటలా అనిపించవచ్చు, అబ్బాయికి చిన్నపిల్లవాడిలా చూస్తున్నారని అనిపించవచ్చు. అయినా వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఈ ఏడాది జరగదు. పద్నాలుగేళ్ళ వయసులో అది చిన్న లాభం కాదు.

మీరు పేరు పెట్టలేకపోయిన ఆ భావన గురించి కూడా రాయాలి. ఇన్నేళ్ళూ జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్నది మీరు, హోంవర్కు చేయించింది మీరు. ఇప్పుడు అతను జన్మంతా గుర్తుంచుకునే ఒక తెల్లవారుజాము తండ్రి వాటాకు వెళుతోంది. అది మిమ్మల్ని బాధించడం సహజం. దానికి సిగ్గుపడకండి. కానీ ఆ బాధ జింక మీద జాలి రూపంలోనో, తుపాకీ భయం రూపంలోనో బయటికి వస్తే, మీరు చెప్పే న్యాయమైన జాగ్రత్తలు కూడా అసూయలా వినిపించి విలువ కోల్పోతాయి. అందుకే ముందు మీలో మీరు వాటిని విడదీసుకోండి. తాళం పెట్టె, లైసెన్సు, సర్టిఫికెట్, మంచె పట్టీ గురించి మాజీ భర్తకు ఒక చిన్న సందేశం రాయండి, అందులో ఇంకేమీ కలపకండి. మిగిలిన బాధను మీకు దగ్గరైన స్నేహితురాలితోనో, అక్కచెల్లెళ్ళతోనో చెప్పుకోండి.

చివరగా తాతయ్య. మీ ఉత్తరంలో ఒక వాక్యం నడుమ మీరు రాసిపడేసిన సంగతి ఒకటి ఉంది: విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో నడకకు తీసుకువెళ్ళి, తడి మట్టిలో దుప్పి గిట్టల గుర్తులు చూపించి, అది ఎటు వెళ్ళిందో, ఎంతసేపటి క్రితం వెళ్ళిందో చెప్పడం మనవడికి నేర్పింది ఆయనేనని. అంటే అడవిలో కూర్చోవాలన్న కోరిక ఆ పిల్లవాడిలో తండ్రి కొత్తగా పుట్టించింది కాకపోవచ్చు. ఈ మాట మీరు మీ నాన్నగారితో అనండి. గడప తొక్కవద్దన్న మాటను నవంబరు రాకముందే ఆయన వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే తప్పు చేస్తే ఇల్లు మూసుకుపోతుందని భయపడే పిల్లవాడు నిజం చెప్పడు. వేట వద్దని ఆయన చెప్పదలిస్తే నేరుగా మనవడికే చెప్పనివ్వండి. ఉచ్చులో తాను ఏమేమి చూశారో, ఈ వయసులో కూడా ఏది మరిచిపోలేకపోతున్నారో చెప్పనివ్వండి. మీ నోటి మీదుగా వస్తే అది నిషేధంలా ఉంటుంది, ఆయన నోటి నుంచి వస్తే అనుభవంలా ఉంటుంది.

అబ్బాయికి కూడా రెండు సంగతులు ముందే చెప్పి ఉంచండి. వేటలో ఏం జరిగినా, ఆ ఫొటోలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. కొమ్ములు గాని, తోలు గాని, ఎండబెట్టిన మాంసం గాని సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో సర్దుకోకూడదు. విమానాశ్రయంలో కస్టమ్స్ వారి దగ్గర, వన్యప్రాణి చట్టం దగ్గర చిక్కుకునే పని అది. తాతయ్యకు చెప్పవలసింది ఏదైనా ఉంటే తానే ఫోను చేసి చెప్పాలి. ఆ రోజు మనవడు ఫోను చేస్తే తీసి, చెప్పేది చివరిదాకా వింటానని మీ నాన్నగారి దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి.